ఏలు పడలా

కడపలో ఏడు రోడ్ల కాడ
జిరాక్సు అంగడి మింద మేడగది.
ఒక ఫ్యాను కింద ముప్పైమందిమి,
అందరి ఒళ్లోనూ అదే ప్లాస్టిక్ కవరు.
"ఫక్కీరమ్మ దూదేకుల!" అని పిలిచినారు.
ఇంటిపేరు పోయి ఎనక నిలబడేసరికి
ఇంకెవుర్నో అనుకుని గమ్మున కూర్చున్న్యా.

ఆయప్ప తలెత్తలా.
పేరు? చెప్పినా.
వయసు? పాస్‌పోర్టులో ఉండేదే చెప్పినా.
వంటొచ్చునా? సంగటి, ఉగ్గాని, గోంగూర పప్పు...
"ఆడ ఇవి తినరులే" అంటా ఏందో రాసుకున్న్యాడు.
ఎందుకు పోతాండావు?

దీనికి ఏజెంటు జిలానీ నేర్పిన జవాబుంది.
యర్రగుంట్ల నుంచి బస్సులో
ఒలకకుండా పట్టుకొచ్చినా.
నోరు తెరిస్తే వేరేది వచ్చింది:
"ఆడ రాయి ఉండదు గదా సార్."

అప్పుడు తలెత్తినాడు.

సరే, ఈడ ఏలు పెట్టు అన్న్యాడు.
అద్దం కింద పచ్చటి ఎలుగు.
బొటనేలు. పడలా.
తుడుచుకో. తుడుచుకున్న్యా. పడలా.
తలకు రుద్దుకో, జిడ్డంటుతుంది.
రుద్దుకున్న్యా. పడలా.
పదేళ్లూ పెట్టినా, పదేళ్లూ పడలా.
"రాయి పని ఎన్నేళ్లమ్మా?"
"ఈ ఏళ్లు అరిగినన్నేళ్లు సార్."

బండ మింద నీళ్లు పారతాంటే
అంచు తడిమి తడిమి చూడాలా.
మిషను తప్పు మిషనుకు తెలీదు,
ఏలికే తెలుస్తాది.
అట్లా తడిమిన బండలు యాడెవరింట్లో పరిచిండారో.

స్టోరు కాడ ఇది నాకు పాత సంగతే.
ఆడైతే మా ఇంటాయన ఏలు పెడితే
బియ్యం పోస్తారు.
కువైటుకు ఆయన ఏలు చెల్లదంట.

"పదహైదు దినాలు రాయి ముట్టగాకు.
కొబ్బెర నూనె పూసుకో. మళ్లా రా."

పని ల్యాకుండా ఎట్లుండాలో ఎవురూ నేర్పల్యా నాకు.
బోకులు గౌసియా తోమింది.
మా ఇంటాయన చీపురు పడితే
పక్కింటి పిల్లోల్లు గోడెక్కి చూసినారు.
నేను చేతులు ఒళ్లో పెట్టుకుని
వాటికి కాఫీ పెట్టీలేని చుట్టంలాగా
సిగ్గుపడతా కూర్చున్న్యా.

నాలుగో దినం ఏమీ ల్యా.
ఏడో దినం, గోరు పక్కన,
ఎలుగులో ఏటవాలుగా పెడితేనే కనపడేంత
ఒక గీత.
ఆనక ఇంగొకటి, దాని పక్కనే ఇంగొకటి,
గొర్రు తోలిన చేను మాదిరి.

తొమ్మిదో దినం రాత్రి
గౌసియా నా బొటనేలికి ఇంకు పూసి
లెక్కల నోటుబుక్కులో అద్దించింది.
పక్కనే తనదీ ఒత్తింది.
"మా, నీకూ నాకూ ఒకే పక్కకు తిరిగిందే సుడి!"
ముప్పై ఆరేండ్లకు
నా ఏలు నేను చూసిందదే మొదులు.
తెల్లారి చూస్తే ఆ పేజీ చించుంది.
యాడ దాపెట్టుకుందో, నేనడగలా.

మళ్లా కడప. మళ్లా అదే ఫ్యాను.
ఈసారి పేరు తిరగేసి పిలిచినా లేసినా.
తొమ్మిది పడినాయి.
కుడి చూపుడేలు మాత్రం,
అంచు తడిమేది అదే గదా,
మొండికేసింది.
"చాల్లే, ఇంగ నువ్వు నువ్వేనమ్మా" అన్న్యాడు
నవ్వతా.
"ఆడ దిగినంక మళ్లా చూస్తారు.
అందాకా కాపాడుకో."

యర్రగుంట్లలో బస్సు దిగేసరికి పొద్దు వాలింది.
రోడ్డు పక్కన లారీకి బండలెత్తుతాండారు.
మా యూనిట్టు ఓబులమ్మ ఒక్కతే
ఒక కొసకు ఒంగి,
మోకాలు అడ్డం పెట్టి,
నన్ను చూసింది.
"మేయ్ ఫక్కీరీ, ఒక చెయ్యెయ్యి మే!"

బండ జారతాండాది.
నేను చేతులు రెండూ
కొంగులో చుట్టుకుని
నిలబడినా.