సీరీస్ కనెక్షన్

మొదటిసారి
తువ్వాల్లో చుట్టి తెచ్చాడు ముత్యాలు,
జొరం పిల్లని ఎత్తుకొచ్చినట్టు.
"ఇరవై నిమిషాలు పాడతాది బాబూ,
ఆనక ఒళ్లు కాలిపోతాది, నోరు మూసేస్తాది."

గంటస్తంభం దగ్గర నా కొట్లో
నాలుగు మరలు ఊడదీసి మూత ఎత్తితే
హీట్‌సింక్ రెక్కల మధ్య
నెల్లిమర్ల మిల్లు మొత్తం ఉంది:
జనపనార నూగు,
ముప్పయ్యేళ్ల షిఫ్టులు చొక్కాకి అంటించుకొచ్చి
ఇంట్లో దులిపినది.
పెయింటు బ్రష్షుతో తుడిచాను.
ఊపిరాడని దానికి జొరం రాదా మరి, అనుకున్నాను.
నూటేభై తీసుకున్నాను.

పదోరోజుకి మళ్లీ తువ్వాలు.

ఈసారి ముందు బల్బుని సీరీస్‌లో పెట్టి కరెంటిచ్చాను.
లోపల షార్టుంటే బల్బు భగ్గుమంటుంది.
ఇది ఒక్కసారి కళ్లు తెరిచి
మళ్లీ నిద్రలోకి జారుకున్నట్టు మసకైంది.
అంటే తప్పేమీ లేదు.
అయినా నమ్మలేదు నేను.
ట్రాన్సిస్టర్లు విప్పి, మైకా రేకులు మార్చి
తెల్ల పేస్టు పల్చగా రాశాను,
ఎక్కువైతే అదే దుప్పటవుతుంది గనక.
బయాస్ మీద మీటరు పెట్టి
వెంట్రుకవాసి తగ్గించాను.
నా టేబిలు మీద, నా స్పీకరుతో
పొద్దుట్నుంచి కొట్టు కట్టేదాకా పాడింది.
రెక్కల మీద వేలుంచి ఇరవై లెక్కపెట్టాను.
తీసెయ్యమని వేలు అడగలేదు.

మూడోసారి తువ్వాలు లేదు, మనిషొక్కడే.
"నీ కాడ పాడతాది, నా కాడ కాలతాది.
దెయ్యవేటి బాబూ?"

మీటరు జేబులో వేసుకుని
నెల్లిమర్ల ఆటో ఎక్కాను.

మిల్లు లైన్లో ఒకే గోడకి రెండిళ్లు.
చెక్క అలమరా మీద ఆంప్లిఫయరు.
దానిమీద గుడ్డ కప్పలేదు,
చుట్టూ జానెడు ఖాళీ కూడా ఉంది.
వెనక్కి తిప్పాను.
స్పీకరు మరల కింద
ఉండాల్సినవి రెండు తీగలు.
నాలుగున్నాయి.
ఎక్కువైన జతని వేలితో పట్టుకుని వెళ్లాను,
పాముని తోకనుంచి వెతికినట్టు:
కేలెండరు వెనక, దూలం మీదుగా,
వెంటిలేటరులోంచి
గోడ దాటిపోయింది.

"అటేపు ఎవరు?"

ముత్యాలు నేల చూశాడు.
"గురువులు. స్పిన్నింగులో నా పక్క మిషను.
లాకౌటప్పుడు జెండా మారిపోనాడు.
పదకొండేళ్లు, ఆడికీ నాకూ మాటల్లేవు.
మొన్న వానల్లో జారిపడి
తుంటిరిగి మంచాన పడ్డాడు.
రేత్రి మూలుగు గోడలోంచి ఇనపడతాది...
మాటల్లేవు గాని
పాటలకేటి?"

నాలుగు ఓముల డబ్బా ఇక్కడ,
నాలుగు ఓముల డబ్బా అక్కడ.
పక్కపక్కన తగిలిస్తే మిగిలేది రెండే.
అడ్డు తగ్గేకొద్దీ కరెంటు వరదలా పోతుంది.
ఆ రెండు ట్రాన్సిస్టర్లూ పాపం
రెండిళ్లని మోస్తున్నాయి ఇన్నాళ్లూ.

తీగలు విప్పి మళ్లీ కట్టాను.
ఇప్పుడు వరస ఒక్కటే:
ఈ ఇంట్లో పాడిన కరెంటే
ఆ ఇంటికెళ్లి పాడి
తిరిగి రావాలి.
చెప్పకపోతే తప్పని చెప్పాను,
ఇకమీద ఎక్కడ తీగ తెగినా
రెండు డబ్బాలూ మూగబోతాయని.

పాట పెట్టాడు. గొంతు కొంచెం తగ్గింది.
టీ తాగి, ఇంకో టీ తాగి, గంట కూర్చున్నాను.
రెక్కలు వెచ్చగా ఉన్నాయి, అంతే,
పుష్యమాసం పొద్దున్న ఎండ తగిలిన అరుగులా.

గోడవతల దగ్గు. ఆ తర్వాత గొంతు:
"మెకానిక్ బాబూ,
సౌండు తగ్గినాదని ఆడికి సెప్పండి."

ముత్యాలు నా మొహంలోకే చూస్తూ, గట్టిగా:
"తీగ మీద బట్టలారేస్తే తెగుతాది,
తెగితే ఇద్దరికీ లేదని ఆడికి సెప్పండి."

ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతూనే ఉంది.
నేను మూత మరలు బిగిస్తూ
ఎవరికీ ఏమీ చెప్పలేదు.