వెనకవైపు సంతకం

ఫ్రిజ్ తలుపు మీద మార్చి నెలకు
మూడుచోట్ల ఎర్ర పెన్సిల్ గాట్లు.

ఏడో తారీఖు, మోర్‌కాంబ్‌లో
పాత మెథడిస్టు చర్చి హాల్లో
పదకొండుమందిమి కలిసి పెట్టే బొమ్మల ప్రదర్శన.
గోడ మీద నా వంతు నాలుగడుగులు,
అందులో అడుగున్నర రేడియేటర్‌ది.
క్లిఫర్డ్ గారి పడవలకేమో
కిటికీ పక్క గోడంతా ఇచ్చారు.
ఇవ్వరా మరి, నిచ్చెన ఆయనది.
వైన్ ఉండదు, చర్చి హాలు కదా,
టీ ఉంటుంది, నిమ్మకాయ కేకు ఉంటుంది.
అమ్ముడైనదాంట్లో నూటికి ఇరవై
కారుతున్న పైకప్పుకి.

పేరు చీటీలు అప్పుడే అచ్చయి వచ్చాయి.
ఇందీవర కాదు, ఇండి వేరా.
దిద్దమని అడగబోయి ఊరుకున్నాను.
ఈసారికి ఆవిడే వేసిందనుకుందాం.
ఒక్కటీ అమ్ముడుపోకపోతే
నింద కూడా ఆవిడకే.

పద్నాలుగున లైబ్రరీలో వర్క్‌షాపు.
లినో ముక్కలు పన్నెండు కోసి పెట్టాను,
సన్న ఉలులు పన్నెండు,
వేళ్లకు చుట్టే ప్లాస్టర్లు ఇరవై నాలుగు.
ఏం నేర్పుతారో రాసి పంపమన్నారు.
చెక్కినచోట తెలుపు, వదిలినచోట నలుపు
అని రాసి పంపాను.
ఇరవై ఏళ్లుగా చెక్కుతున్నాను,
అంతకు మించి నాకూ తెలీదు.

కుడి ఎడమవుతుందని మాత్రం
ముందే గట్టిగా చెప్పాలి.
పోయినసారి హెస్టర్ వినిపించుకోలేదు.
ఎనభై రెండేళ్ల మనిషి,
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
ముప్పై ఏళ్లు రొయ్యలు వలిచిన వేళ్లు.
పోయిన భర్త పేరు
తిన్నగా, తప్పులేకుండా చెక్కింది.
అచ్చు తీస్తే
అద్దంలో పేరులా తిరగబడి వచ్చింది.
అందరం నాలుక కరుచుకున్నాం.
ఆవిడ కాగితాన్ని రెండు చేతులా ఎత్తి
కిటికీకి ఆనించి,
వెనకనుంచి ఒంగి చూసి
"ఇదిగో, ఇటునుంచి బాగానే ఉన్నాడు" అంది.

ఈసారి జాబితాలోనూ
మొదటి పేరు ఆవిడదే.

ఇరవై ఎనిమిదిన హాస్పిస్ కోసం
పోస్ట్‌కార్డుల అమ్మకం.
అన్నీ ఒకటే కొలత, అన్నీ ఒకటే ధర, ముప్పై పౌన్లు.
వేసినవాళ్ల సంతకం వెనకవైపే ఉండాలి,
డబ్బు కట్టాకే కార్డు తిప్పి చూడాలి.
లండన్‌లో పెద్ద పేరున్నవాళ్లూ పంపుతారట,
హేషమ్ బడిలో ఆరో తరగతి పిల్లలూ పంపుతారట.
పక్కపక్కనే పెడతారట, ఒకే తీగకి, ఒకే క్లిప్పులతో.

నాకు వచ్చిన కార్డులు నాలుగు.
మూడింటి మీద అఖాతాన్ని వేసేశాను:
ఆటు వేళకు నీళ్లన్నీ వెళ్లిపోయాక
మైళ్లకొద్దీ మిగిలే బూడిదరంగు ఇసుక,
ఎవరో ఇస్త్రీ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు.
దూరంగా ఒక గీత. అది ట్రాక్టర్,
నేను చెప్తే తప్ప తెలీదు.

నాలుగోది వారం రోజులు ఖాళీగా ఉండిపోయింది.
నిన్న రాత్రి చిన్న లినో ముక్క తీసుకుని
హెస్టర్ చేసిన తప్పే
తెలిసి తెలిసి చేశాను.
నా పేరు, తెలుగులో, తిన్నగా చెక్కి
కార్డు మీద అద్దాను.
నాలుగక్షరాలూ ఒక సున్నా
ఎదురుతిరిగి నిలబడ్డాయి.
తిన్నగా ఉన్నా, తిరగబడి ఉన్నా
ఈ ఊళ్లో చదివేవాళ్లు లేరు.
ఇసుకలో గవ్వలనుకుంటారు,
ఒకటి సగం కూరుకుపోయిన గవ్వ.

ముప్పై పౌన్లు కట్టి
ఎవరు వేశారా అని
కార్డు వెనక్కి తిప్పుతారు.
అక్కడ, నిబంధన ప్రకారం,
ఇంగ్లీషులో పొందిగ్గా
ఇండి వేరా అని రాశాను.

సిరా ఇంకా ఆరలేదు.
నాలుగడుగుల గోడకి
మేకులు తెచ్చుకోవాలి.
నిచ్చెన సంగతి
క్లిఫర్డ్ గారిని అడగాలి.