చెప్పినవారు

షీల్డు మీద మా ఆఫీసు పేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది.
దాని మీద బొటనవేలు పెట్టి
సూపరింటెండెంటు గారు ఫొటో దిగారు.

సమాచార సాంకేతికతలో, విజ్ఞాన నిర్వహణలో
ఉత్తమ సంస్థట మేం.
మేమంటే
బెజవాడ మంచినీళ్ళ విభాగం, రెండో అంతస్తు,
మూడు కంప్యూటర్లు, చప్పుడు మాత్రమే చేసే ఏసీ,
ఔట్‌సోర్సింగులో నేను.

విజ్ఞానమంటే ఏమిటో నాకు మొదట చెప్పింది జక్రయ్య.
నిజానికి చెప్పలేదు.
చిట్టినగర్ సొరంగం దాటాక రోడ్డు వార గొంతుక్కూర్చుని
ఇనపమూత ఎత్తి, చెవి ఆనించి,
"ఉండమ్మా, ఇంకా గాలి పోతోంది" అన్నాడు.
నేను ట్యాబ్‌లో వెతికాను.
గాలికి గడి లేదు.

ఎనిమిది నెలలు అతని సైకిలు వెనక నా స్కూటీ.
తెల్లారగట్ట మూడున్నరకి, నీళ్ళొదిలే వేళ,
అతన్ని చూసి వీధి కుక్కలు తల కూడా ఎత్తవు.
నన్ను చూసి లేచేవి.
వించిపేటలో ఎడమకి పదకొండున్నర చుట్లు.
కొత్తపేట కొండ మీద బిందె నిండాలంటే
కింద పప్పుల మిల్లు దగ్గర ముప్పావు బిగించాలి,
మొత్తం బిగిస్తే మిల్లు వాళ్ళు మన అమ్మానాన్నల్ని తలుచుకుంటారు.
క్రీస్తురాజపురంలోది ఉల్టా వాల్వు.
"పెట్టినోడెవడో ఎడమచేతివాటం. మట్టిలో పూడిపోయింది.
కరెంటు స్తంభం నించి ఏడడుగులు.
నా అడుగులమ్మా, నీవి కాదు."

నావి తొమ్మిది పడ్డాయి.
రెండూ రాసుకున్నాను.

వెయ్యిన్నీ నాలుగొందల పన్నెండు వాల్వులు.
పాత మ్యాపులు ఏ బదిలీల్లో ఏ బీరువాతో పోయాయో,
ఊరు ఊరంతా నీళ్ళు తాగుతున్నది
ఒక మనిషి కుడి మణికట్టులోంచి.
ఆ మణికట్టుకి మార్చి ముప్పై ఒకటిన రిటైర్‌మెంటు.

ఎవరూ అడక్కుండానే చివర ఒక గడి చేర్చాను:
చెప్పినవారు.
పై నించి కిందిదాకా ఒకటే పేరు.
కన్సల్టెంటు చూసి నవ్వాడు,
"అన్నీ ఒకటే అయినప్పుడు దీనివల్ల తెలిసేదేముంది? తీసెయ్యండి."
దాచాను.
తీసెయ్యడం వేరు, దాచడం వేరు.

బందరు రోడ్డు హోటల్లో సభ.
రిటైరైన జక్రయ్యని వెనక వరసలో కూర్చోబెట్టాం.
ఇస్త్రీ మడత విప్పని చొక్కా. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
కుర్చీ పిడిని మెల్లగా తిప్పుతున్నాడు.
తెర మీద నీలం గీతలై ఊరు వెలిగింది.
ఏకీకృతమన్నారు, పారదర్శకమన్నారు,
నాకు తెలీని ఇంకేదో కూడా అన్నారు.
అతను నా వైపు వంగాడు:
"ఈ హాలు కింద పన్నెండంగుళాల లైనుంది.
అతుకు మంచిది కాదు."
అప్పుడే అందరూ చప్పట్లు కొట్టారు,
నేనూ కొట్టాను.

తర్వాతి మంగళవారం నాలుగింటికి
క్రీస్తురాజపురంలో మెయిను పగిలింది.
డ్యూటీలో సుభానీ, చేరి పదకొండు రోజులు,
జక్రయ్యని ఎన్నడూ చూసినవాడు కాదు.
ట్యాబ్ తెరిచాడు.
స్తంభం నించి ఏడడుగులు వేసి ఆగి,
తన కాళ్ళు చూసుకుని ఇంకొకటి వేశాడు.
తవ్వాడు.
కుడికి తిప్పబోయి, ఉల్టా అని చదివి, ఎడమకి తిప్పాడు.
తొమ్మిదో చుట్టుకి నీటి హోరు మెత్తబడింది.
పద్నాలుగుకి కప్పలు వినబడ్డాయి.

నాకు ఫోన్ చేశాడు, ఇంకా రొప్పుతూ:
"అక్కా, ఈ జక్రయ్యెవరు?"

అంటే దాచిన గడి ట్యాబ్‌లో కనిపిస్తూనే ఉందన్నమాట.
లోపం సరిచెయ్యమని
మర్నాడే నా పేరున టికెట్ వచ్చింది.
మూడు వారాలైంది.
పెండింగులో పెట్టాను.