పట్టాకీ చలేస్తుంది

నాలుగున్నరకి సిమిలిగుడ ఇంకా లేవదు.
వాకిట్లో చీపురు పుల్లల మీద తెల్లటి మంచు,
బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే కొరుకుతాయి.
లిపిక మాత్రం బూట్ల తాళ్ళు బిగించేసి
గుమ్మంలో గుర్రప్పిల్లలా నిలబడుంటుంది.
మా అక్క మనవరాలు. కానిస్టేబులు సెలక్షనుకి
ఇంకా నలభై రెండు రోజులు.

"ఆగే, ఒళ్ళు కాగనీ" అంటాను.
"టైము పోతంది తాతా!"

పోనీ.
ముప్పై నాలుగేళ్ళు కీమాన్‌గా
సుత్తీ పానా భుజాన వేసుకుని
ఈ కొండల్లో పట్టాల వెంట నడిచినవాణ్ణి.
చలికాలం తెల్లారగట్ల ఇనుము ముడుచుకుంటుంది.
రెండువైపుల నించీ ఎవరో పట్టి లాగుతున్నట్టు
లోలోపల బిగిసి, బిగిసి,
అతుకు దగ్గర వెంట్రుకంత పగులు.
అలాంటి పగులు చూసే ఓ రాత్రి
ఎర్రలాంతరు ఊపుకుంటూ గూడ్సుకి ఎదురు పరిగెత్తాను.
పడుకున్నవాణ్ణి లేచినట్టే లేచి, ఒక్క ఉదుటున.
బండి ఆగింది.
నా పిక్క తెగింది.
నేనూ ఆగాను, మూడు నెలలు.

అందుకే టీకొట్టు దాకా నడకే.
మాట్లాడుతూ నడవాలి, మాటకి ఆయాసం తగలకూడదు.
ఒంటి మీద పల్చటివి మూడు, ఒకదాని మీద ఒకటి;
"ఉల్లిపాయని చేసేశావు" అని సణుగుతుంది.
వేడెక్కాక ఒక్కో పొరా వలుచుకోమంటాను.
అన్నిటిపైనా నా పాత నారింజ రంగు జాకెట్టు, మోకాళ్ళ దాకా.
దామన్‌జోడి లారీవాడికి
అందం అక్కర్లేదు, మెరుపు కావాలి.

పోయిన మంగళవారం జమునా ఖిలో
అందరికంటే ముందు పదహారువందల మీటర్లు ముగించి
చెమట చొక్కాతోనే సిమెంటు మెట్ల మీద కూర్చుంది.
కబుర్లు. గాలి దేవమాలి మీంచి దిగుతోంది.
కాసేపటికి పెదాలు నేరేడు రంగు.
మాటలు తాగినవాడి మాటల్లా జారుతుంటే
లిపిక నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
నేనటు తిరిగి నిలబడ్డాను,
లిపిక దుప్పటి అడ్డంపెట్టి తడి చొక్కా విప్పించి
పొడిది తొడిగి, ఆ దుప్పట్లోనే చుట్టేసి వాటేసుకు కూర్చుంది.
చేతులు చలిమంటలో పెట్టబోతే లాగేశాను:
మొద్దుబారిన వేలికి కాలుతున్న సంగతి తెలీదు.
చక్కెర ఎక్కువేసిన టీ, గుక్క గుక్కగా.
కుదురుగా మాటొచ్చాక జమున అడిగింది,
"ఎంతలో ముగించాను తాతా?"
వాచీ చూసుకోవడం మర్చిపోయాను.

ఇవాళ పొగమంచు.
చాపిన చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోతోంది.
హైవే మీద లారీ దీపం పది గజాల్లోకొచ్చాక గానీ
దీపమని తెలియడంలేదు.
"ఇయ్యాల వద్దు" అన్నాను.
బూట్లు విసిరింది. నాతో మాట్లాడలేదు.
ముసలాడికి భయమెక్కువైందని
అమ్మతో అనడం వినబడింది. నిజమే.
బతికొచ్చిన కీమాన్లందరికీ ఉన్న భయమే.

కాసేపటికి వెనక వసారాలో తాడాట.
టప్ టప్ టప్ టప్.
పక్కవాటా పాణిగ్రాహి గారు గోడ మీద కొట్టి విసుక్కున్నారు.
నేను అదే గోడకి చెవి ఆనించాను.
పగులున్న పట్టా సుత్తి దెబ్బకి బొంగురుగా పలుకుతుంది,
ఇది ఖణేల్‌మంటోంది.

చోడంబలి చల్లారిపోతోంది.
పిలవను.
ఇంకో వంద కానీ.