మాట అందించేదాన్ని

తెర పక్కన, అగ్గిపెట్టెంత వెలుగులో
పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచుంటాను.
మాట మరిచినవాళ్లకి గుసగుసగా అందిస్తాను.
స్ట్రామ్‌నెస్ రేవులో ఈ పనికి జీతం లేదు,
ఆఖరి రోజున పొగబెట్టిన చేప ఒకటి ఇస్తారు.

నాటకం నాలుగొందల ఏళ్ల నాటిది.
ఐదో అంకానికి అందరూ చస్తారు,
కుర్చీలు సర్దే కుర్రాడు తప్ప.

రాజు వేషం, ఫెర్రీ టికెట్లు చింపే డ్రెవర్‌ది.
ప్రాణం విడుస్తున్నా, తిరుగు టికెట్టు కావాలా అని అడిగే గొంతే.
దయ్యం, రొట్టెల అంగడి లీస్క్.
ముఖానికి రంగు కొననక్కర్లేదు,
పనిలోంచి నేరుగా వచ్చేస్తాడు.
రాణి థోరా. మొన్న ఫిబ్రవరిలోనే
మొగుణ్ణి సముద్రానికి ఇచ్చిన మనిషి.
రాజు శవం మీద పడి ఏడవాలి, అని రాసి ఉంది.
"ఏడుపు నావల్ల కాదు, ఆయన అంగీ మడతపెడతాను" అంది.
పెట్టింది. ముందు చేతులు, తర్వాత మెడపట్టీ.
హాల్లో దగ్గేవాళ్లు కూడా దగ్గు మింగేశారు.

నేను చెప్పాలనుకున్నది వీళ్ల గురించి కాదు.

ఎర్లెండ్, సిగుర్డ్. అన్నదమ్ములు.
ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటికి కొట్టుకున్నవాళ్లు.
తమ్ముడు అబర్డీన్ ఆస్పత్రిలో ఉండగా
అన్న, నాన్న పడవ అమ్మేశాడు.
అప్పుకా, మందులకా, పంతానికా?
ఊళ్లో మూడు కథలున్నాయి,
మూడింటికీ నమ్మేవాళ్లున్నారు.
పదకొండేళ్లుగా మాటల్లేవు.
ఒకడు దుకాణంలోకి వస్తే
ఇంకొకడు ఉప్పు కొనకుండానే వెళ్లిపోతాడు.

వేషాలు పంచినవాడికి బుద్ధి లేదో, మరీ ఎక్కువుందో,
సిగుర్డ్‌ని సేనాపతిని చేశాడు,
ఎర్లెండ్‌ని అతని ప్రాణస్నేహితుణ్ణి.
నాలుగో అంకంలో వెన్నుపోటు.
ఇద్దరూ ఒప్పుకోవడమే వింత.

పదకొండేళ్ల తర్వాత తమ్ముడు అన్నని పలకరించిన మాట:
"మిత్రమా, గాలి మారింది, గమనించావా?"
ఇరవై మూడో పేజీలో ఉంది అది.
అంటూ, అన్న వైపు కాదు,
తలుపు గడియ వైపు చూశాడు.

తొమ్మిది రాత్రులు పొడిచాడు ఎర్లెండ్,
చాక్లెట్ల వెండికాగితం చుట్టిన చెక్కబాకుతో.
తొమ్మిది రాత్రులూ ఒరిగిపోయే తలని ఒళ్లోకి తీసుకుని
"నన్ను నమ్మమని నీకెవరు చెప్పారు?" అన్నాడు.
ఒక్కో రాత్రికి ఆ వాక్యం ఒక్కో మూర లోతుకి దిగేది,
నూతిలో చేదలాగా.

పదో రాత్రి గాలికి పైరేకులు మోగుతున్నాయి.
పొడిచాడు. తల ఒళ్లోకి తీసుకున్నాడు.
మాట రాలేదు.
అందించాను.
రాలేదు.
కాస్త గట్టిగా అందించాను,
ముందు వరసలో పోస్టాఫీసావిడ నా వైపు తిరిగింది కూడా.
ఎర్లెండ్ గడ్డం వణుకుతోంది.
నటన కాదు.
నటన అతనికి అంత బాగా రాదు.

అప్పుడు శవం పెదవులు కదిలాయి.
కళ్లు తెరవకుండా, రవ్వంత ఊపిరితో,
సిగుర్డే అందించాడు:
నన్ను నమ్మమని నీకెవరు చెప్పారు.
ఎర్లెండ్ తిరిగి అన్నాడు, పొల్లుపోకుండా.
జనం చప్పట్లు కొట్టారు.
ఎవరు ఎవర్ని అడిగినట్టో
నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంతటితో కలిసిపోయారని చెబితే బాగుండును.
లేదు. మర్నాడు తెరలు విప్పుతుంటే
హాలుకి చెరో మూల ఉన్నారు,
రంగు కడుక్కుని, మౌనం మళ్లీ తొడుక్కుని.
సింహాసనం మాత్రం మహా బరువు,
ఓక్ చెక్కది, చర్చి వాళ్ల దగ్గర అరువు తెచ్చింది.
మోయడానికి ఇంకెవరూ లేరు.
చెరో కొసా పట్టారు.
ఎర్లెండ్ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు గుమ్మం వైపు.
బయట వాన. రాతి మీద పాకుడు.

"మెట్టు" అన్నాడు సిగుర్డ్.

ఎర్లెండ్ పాదంతో వెతుక్కుని, దిగాడు.

చేపని కాగితంలో చుట్టుకుంటున్నదాన్ని ఆగిపోయాను.
పుస్తకం తిరగేసి చూడనక్కర్లేదు.
ఆ మాట అందులో లేదు.