ఎడమ మోచేయి

మామ జెఫెరీనో చెవులంటే
దీవి దక్షిణం వైపు అందరికీ గురి.
విమానం దిగినవాళ్లు
ముందు ఆ చెవుల గురించి అడిగి
తర్వాతే గది అద్దె అడుగుతారు.

పోయిన వానల నుంచి
ఆ చెవుల్లో సన్న కూతలు పడటం లేదు.
వాగు వినిపిస్తుంది, అడవి పావురం వినిపిస్తుంది,
అత్త తిట్లు పొల్లు పోకుండా వినిపిస్తాయి.
ట్రుకి పిట్ట ఒక్కటీ
జల్లెడలో నూకలా జారిపోయింది.

ఈ సంగతి తెలిసింది నా ఒక్కదానికే.
నేను బెల్మీరాని, సామాన్లు మోసేదాన్ని.
వంటగిన్నె, టార్పాలిన్,
అతిథుల పొడి మేజోళ్లు, పనసలాంటి రెండు కూరపళ్లు,
వాటన్నిటి మీదా నా చెవులు.
మామ ఎడమ మోచేతిని ఒకసారి తాకితే, ఎడమన ఉంది.
రెండుసార్లు తాకితే కుడిన.
చొక్కా అంచు లాగితే, పైన.
మామ ఆగుతాడు, వేలు లేపుతాడు,
కళ్లు మూసి కాసేపు వింటాడు,
అంటే, విన్నట్టుంటాడు.
తర్వాత ఆ వేలు మెల్లగా కొమ్మ మీదికి తిరుగుతుంది.
బైనాక్యులర్లన్నీ దాని వెనకే తిరుగుతాయి.
"అద్భుతం," అంటాడు లిస్బన్ డాక్టరు.
నేను నా చెప్పులు చూసుకుంటాను.

ఈసారి ముగ్గురు.
డాక్టరు, ఆయన మాటలు వినీ వినీ విసిగిన తమ్ముడు,
రోటర్‌డామ్ నుంచి హన్నెకె అనే ముసలామె.
ఆమె నోటు పుస్తకానికి ప్లాస్టిక్ తొడుగు.
ఈ దీవి పేజీలో అన్ని పేర్ల పక్కనా టిక్కులు,
ఒక్క గలిన్యోలా పక్కన మాత్రం ఖాళీ.
"నాకు డెబ్బై ఆరు," అంది, పిట్ట వయసు చెప్పినట్టు.

కోకో తోట అయిపోయిన చోట
దారి కూడా అయిపోతుంది.
తోటల్లోంచి పారిపోయిన మా పెద్దలు
ఈ చెట్ల సందునే దాక్కున్నారట.
"దాక్కోవడం పిట్టలకు నేర్పింది మేమే," అన్నాడు మామ.
డాక్టరు నవ్వాడు. హన్నెకె నవ్వలేదు.

వాన.
రాత్రంతా టార్పాలిన్ మీద ఎవరో బియ్యం చెరుగుతున్నారు.
తెల్లారాక కూడా చెరుగుతూనే ఉన్నారు.
కట్టెలు రాజుకోక చల్లటి కూరపండే తిన్నాం.
తమ్ముడు పడవ టైమెప్పుడని అడిగాడు.
ఈ అడవికి పడవే రాదు.

గలిన్యోలా కూయదు, కూసినా ఎప్పుడో.
నడుస్తుంది.
ఆకులు తిరగేస్తుంది, నత్తను పొడుచుకుంటుంది,
బురద రంగు వేసుకుని బురదలో కలిసిపోతుంది.
దాని మీద నా చెవులకు పని లేదు.
మామకు దాని రుచి తెలుసు.
చిన్నప్పుడు తూటాకి ఒకటి చొప్పున
ఎన్ని ఇంటికి తెచ్చాడో
అతిథులకు ఎప్పుడూ చెప్పడు.
ఒకసారి తాగినప్పుడు నాకు చెప్పాడు,
లెక్క మధ్యలో ఆపేశాడు.

రెండో రోజు, మధ్యాహ్నం దాటాక
మామ ఆగిపోయాడు.
నేను తాకలేదు.
ఏమీ వినలేదు కూడా.
ఆకుల మీద ఆకులు, తడి మీద తడి.
అప్పుడు నా మోచేతికి తగిలింది
కత్తి పట్టి పట్టి కాయలు కాసిన వేలు.
ఎడమ చేతికి. ఒక్కసారి.

అక్కడుంది.
వంకర ముక్కు, దులపని గొడుగులాంటి ఒళ్లు,
అద్దె కట్టని ఇంటిలో నడిచినట్టు
మెల్లగా, దర్జాగా.
మమ్మల్ని చూసింది.
చూసి, నత్తే ముఖ్యమనుకుంది.
హన్నెకె బైనాక్యులర్లు ఎత్తనే లేదు.
పెదాలు కదిలాయి,
ఆ భాష నాకు రాదు.
ఆ సాయంత్రం దాకా ఆ ఖాళీ పక్కన
టిక్కు పెట్టడం మర్చిపోయింది.

దిగేటప్పుడు మామ వెనకపడ్డాడు, నా కోసం.
"ఇప్పుడు ట్రుకి కూస్తోందా?"
కూస్తోంది. దారి పొడవునా, ప్రతి పొదలో,
తలుపు గొళ్లెం తీసి వేసి తీసి వేసినట్టు.
"ఎలా? ఏదీ, చెయ్యి."
ఆయన చెవి దగ్గర పెదాలు ముడిచి
నాకు వచ్చినట్టు చేశాను.
మామ తల అడ్డంగా ఊపాడు.
"కాదే పిల్లా. అంత లావుగా కాదు.
ఇంకా సన్నగా ఉండాలి."