సుద్దముక్క

దాలినాయుడు క్రేను నడుపుతాడు.
నేను దిగుతాను.
టైర్ల కింద ఇనుప చక్రాలు తోసి, గొలుసు బిగించి,
బండి లేచాక ఆ ఖాళీలో వంగి
నెంబరూ, స్టేషను పేరూ సుద్దతో రాస్తాను.
ఏడో తరగతిలో ఆగిన నా చదువుకి
మిగిలిన చేతిరాత ఇదొక్కటే.

జగదాంబ దగ్గర, పూర్ణా మార్కెట్టు మలుపులో,
డాబాగార్డెన్స్ చీరల కొట్ల ముందు,
ఎక్కడైనా ఒకటే మాట:
"ఐదు నిమిషాలే బాబూ!"
ఈ ఊళ్ళో ఐదు నిమిషాలంటే ఎంతో
నాకు తెలిసినట్టు గడియారానికి తెలీదు.
జరీ అంచు నచ్చేదాకా,
చేపలావిడ వంజరం ధర దించేదాకా,
బేంకులో సర్వరు లేచేదాకా,
మురీ మిక్చరు మీద నిమ్మకాయ పిండేదాకా.

బోర్డెక్కడుందయ్యా అంటారు.
ఉంది. వేపకొమ్మ వెనక.
దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ.
అలాంటిచోట మెడ ఎత్తి చూడాలి,
లేదా టీ కొట్టువాణ్ణి అడగాలి, వాడికన్నీ తెలుసు.
అందరూ ఆపారని ఆపానంటారు ఇంకొందరు.
గొర్రెలకి క్రేను రాదు, అదే తేడా.
నాలుగు దీపాలూ మిణుకుమనేట్టు వేసి
దణ్ణం పెట్టినంత ధీమాగా వెళ్ళిపోతారు.
మిణుకుతుండగానే ఎత్తుతాం.

బస్టాపు గీతల మీద ఎత్తాం.
ఎవరింటి గేటుకో అడ్డంగా ఉంటే,
లోపల్నించి ఒక పెళ్ళివారు తొంగిచూస్తుంటే ఎత్తాం.
చినవాల్తేరు వాలులో హేండ్‌బ్రేకు మరిచిన కారొకటి
మమ్మల్ని పిలవకుండానే తనంత తాను బయల్దేరింది.
దాన్ని ఆపింది కొబ్బరిబోండాల బండి.
ఆ బండి గలావిడ తిట్లు ఇక్కడ రాయలేను.

కేజీహెచ్ ఎదురుగా ఆ రోజు మాత్రం
చెప్పుకోడానికి కష్టం.
తెల్ల కారు అడ్డం.
వెనక అంబులెన్సు అరిచి అరిచి ఊరుకుంది,
లైటు తిరుగుతోంది.
లోపల్నించి ఎవరిదో అరచెయ్యి అద్దానికి ఆనింది.
గొలుసు బిగించడానికి నాకంత సేపు
ఎన్నడూ పట్టలేదు.
కారాయన పరుగెత్తుకొచ్చాడు, చేతిలో మందుల సంచి.
ఆయనదీ లోపల ఒక మనిషే.
ఎవర్ని తిట్టాలో తెలీక
దాలినాయుడు బీడీ వెలిగించి, పీల్చకుండానే ఆర్పేశాడు.

అప్పట్నించి నన్నెవరైనా అడిగితే
కారు పట్టే జాగా కొలవొద్దంటాను,
అంబులెన్సు పట్టే జాగా వదలమంటాను.
ముందద్దం లోపల ఫోన్‌నెంబరు పెట్టమంటాను,
ఒక్క రింగుతో పోయే గొడవలు సగం.
మిగతా సగానికి
నాలుగు వీధుల అవతల డబ్బులిచ్చి ఆపి
నడిచి రావడమే మందు.
నడవమంటే మనిషికి కోపం వస్తుందేటో!

శ్రావణంలో ఒక సాయంత్రం అల్లిపురంలో నీలం కారు ఎత్తాం.
రాసి ఇలా వచ్చాం, వాన అలా వచ్చింది.
సత్యానందం గారని, పోర్టులో చేసి దిగినాయన,
తడిసిన తారు మీద గంటన్నర నిలబడ్డారట.
చివరికి కారెవరో ఎత్తుకుపోయారని
మా స్టేషనుకే ఫిర్యాదు పట్టుకొచ్చారు,
యార్డులో తన కారు పక్కనుంచే నడిచి.
ఫైను కట్టారు. కేకలెయ్యలేదు.
"ఎక్కడ రాశావు?" అన్నారు నన్ను.
రోడ్డు మీదండీ అన్నాను.
"వాన పడేదీ అక్కడే కదా నాయనా."

ఇప్పుడు గోడ వెతుకుతాను,
ఏదో కొట్టు సన్‌షేడు కింద, నడుం ఎత్తున,
అక్షరాలు కాస్త పెద్దవి చేసి.

అరిగిన ముక్కలు ఇంటికి తెస్తాను.
మా నూకరత్నం వాటితో పాల లెక్క రాస్తుంది,
తలుపు వెనక, జల్లు తగలని వైపు.
ఆమెకి ఎవరూ చెప్పలేదు.